సాకెట్‌లో దూరినంత మాత్రాన పొసగదు

నలభై ఏళ్ల నాటి హోమ్ కంప్యూటర్లకు కొత్త హార్డ్‌వేర్ ఇప్పటికీ తయారవుతూనే ఉంది. క్యాసెట్లతో పనిలేకుండా జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లోకి ఎస్‌డీ కార్డు నుంచి ఆటలు ఎక్కించే ఇంటర్‌ఫేస్‌లు, కమడోర్ 64కు అదనపు మెమరీ, యాపిల్ టూలో డిస్క్ డ్రైవ్ పని చేసిపెట్టే కార్డులు చిన్న చిన్న వర్క్‌షాపుల నుంచి వస్తున్నాయి. వాటి వెంట ఒక హామీ తప్పక ఉంటుంది, ఫలానా కంప్యూటర్‌కు సరిపోతుందని. ఆ హామీ అబద్ధమేం కాదు, అసంపూర్ణం అంతే. పరికరానికీ యంత్రానికీ పొసగుతుందా లేదా అన్నది ఆ ఇద్దరి మధ్యే తేలిపోయే వ్యవహారం కాదు. లోపలి బోర్డు ఏ విడతది, వెనక ఇప్పటికే ఏమేం తగిలించి ఉన్నాయి, పవర్ సప్లై ఎంత మోయగలదు, నడపబోయే సాఫ్ట్‌వేర్‌ను ఏ నమ్మకాలతో రాశారు అన్నవన్నీ చూస్తే గాని జవాబు దొరకదు. పొసగనప్పుడు నింద మాత్రం వయసు మీద పడుతుంది. చిప్పులు పాతబడ్డాయనో, కెపాసిటర్లు ఎండిపోయాయనో, పట్టీలు నల్లబడ్డాయనో అంటారు. వాటి వాటా వాటికుంది. అయితే ఈ తగాదాల్లో ఎక్కువ భాగం యంత్రాలు డబ్బాలోంచి కొత్తగా బయటికొచ్చిన రోజుల్లోనే పుట్టాయన్నది సాక్ష్యాలు చూస్తే అర్థమవుతుంది. ఏ చిరునామా ఎవరిది, ఎవరు ఎప్పుడు జవాబివ్వాలి, ఎవరు ఎంత కరెంటు తీసుకోవచ్చు అన్నవి తయారీదారు తేల్చకుండా వదిలేసిన చోటల్లా, మార్కెట్లోకి ముందొచ్చిన వస్తువు నడిచిన దారే రివాజైంది. ఇవాళ కొత్త పరికరం చేసేవాళ్లు తలవంచాల్సింది యంత్రానికన్నా ఆ రివాజుకే.

స్పెక్ట్రమ్‌తో మొదలుపెట్టాలి. తేల్చకుండా వదిలేయడం ఎలా ఉంటుందో అక్కడ కనిపించినంత బాహాటంగా మరెక్కడా కనిపించదు. 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ దాన్ని ప్రకటించినప్పుడు 16 కిలోబైట్ల మోడల్ ధర 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175. ఆ ధరలో విస్తరణకు ప్రత్యేకమైన స్లాట్ పెట్టే వీలు లేదు. మదర్‌బోర్డు వెనక అంచునే డబ్బా చీలికలోంచి బయటికి కనపడేలా వదిలారు. జెడ్80 ప్రాసెసర్ అడ్రస్ లైన్లు, డేటా లైన్లు, కంట్రోల్ లైన్లు దాదాపు అన్నీ మధ్యలో బఫర్ చిప్ లేకుండా ఆ అంచు పట్టీల మీదికి వచ్చేస్తాయి. వెనక ఏది తగిలించినా అది ప్రాసెసర్ పిన్నుల మీదే భారం వేస్తుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన జెడ్‌ఎక్స్ 81కూ ఇలాంటి అంచే ఉండేది. దాని 16 కిలోబైట్ల ర్యామ్ ప్యాక్ కాస్త కదిలితే చాలు, కష్టపడి టైపు చేసిన ప్రోగ్రామంతా ఎగిరిపోయేది. జిగురు ముద్ద పెట్టి దాన్ని కదలకుండా నిలబెట్టుకోవడం బ్రిటన్‌లో ఆ యంత్రం ఉన్న ఇళ్లలో మామూలు సంగతి. స్పెక్ట్రమ్ విషయంలో ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. కరెంటు ఉండగా పరికరాన్ని తగిలించినా ఊడబెరికినా, మైనస్ 5 వోల్టులు పుట్టించే చిన్న సర్క్యూట్, దాని వెంట 4116 ర్యామ్ చిప్పులు పోవచ్చు. ఇవన్నీ మంచి కనెక్టరు, కాస్త జాగ్రత్త ఉంటే తీరే బాధలు. తీరనిది చిరునామాల గొడవ.

జెడ్80 బయటి పరికరాలతో పోర్టు నంబర్ల ద్వారా మాట్లాడుతుంది. పిలిచిన నంబరు తనదేనని పరికరం కచ్చితంగా తెలుసుకోవాలంటే కనీసం ఎనిమిది అడ్రస్ లైన్లూ చూడాలి. అందుకు ఒకటో రెండో చిప్పులు అదనంగా కావాలి. సింక్లెయిర్ ఇంజినీర్లు పొదుపు దారి పట్టి ఒక్కో పరికరానికి ఒక్కో లైను కేటాయించారు. సున్నా నంబరు లైను కిందికి దిగితే పిలుపు యూఎల్‌ఏ చిప్‌కు. కీబోర్డు, బోర్డరు రంగు, స్పీకరు 254వ పోర్టులో ఉంటాయని పుస్తకాలు చెబుతాయి గాని, నిజానికి సరిసంఖ్య పోర్టులన్నీ యూఎల్‌ఏవే. రెండో లైను జెడ్‌ఎక్స్ ప్రింటర్‌ది. మూడు, నాలుగు 1983లో వచ్చిన సింక్లెయిర్ సొంత పరికరం ఇంటర్‌ఫేస్ 1కు పోయాయి. 128 కిలోబైట్ల మోడల్ నాటికి ఒకటో లైను కూడా మెమరీ మార్పిడికీ సౌండ్ చిప్‌కూ అయిపోయింది. బయటి కంపెనీలకు ఐదు, ఆరు, ఏడు మిగిలాయి. కెంప్‌స్టన్ తన జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్‌కు ఐదో లైను తీసుకుంది. 31వ పోర్టు చదివితే జాయ్‌స్టిక్ ఎటు వంగిందో తెలుస్తుంది. ఆటలు రాసేవాళ్లు ఆ నంబరును నమ్ముకున్నారు, ఆటలున్నాయని జనం ఆ ఇంటర్‌ఫేస్ కొన్నారు, జనం కొంటున్నారని మిగతా కంపెనీలు దాన్నే అనుకరించాయి. జాయ్‌స్టిక్ కదలికలను అంకెల కీలు నొక్కినట్టుగా చూపే పద్ధతితో సింక్లెయిర్ స్వయంగా ఇంటర్‌ఫేస్ 2 తెచ్చినా ఆ రివాజు చెదరలేదు.

ఆ తర్వాత కెంప్‌స్టన్ పేరుతోనే మౌస్ వచ్చింది. దాని మూడు పోర్టులకూ చివరి ఎనిమిది బిట్ల విలువ 223. ఆ సంఖ్యను బైనరీలో రాసి చూస్తే ఐదో బిట్ మళ్లీ సున్నా. అంటే ఐదో లైను ఒక్కటే చూసే చవక జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్, మౌస్‌ను పిలిచినప్పుడు కూడా పలుకుతుంది. రెండు పరికరాలు ఒకే డేటా లైన్ల మీద ఒకే క్షణంలో వేర్వేరు విలువలు నెడతాయి. విడివిడిగా చూస్తే రెండూ స్పెక్ట్రమ్‌కు సరిపోయేవే, రెంటి మీదా అదే పేరు. కలిపితే ఏ అంకె వస్తుందో చెప్పలేం. పైగా జాయ్‌స్టిక్ లేకపోవడం కూడా ఒక సమస్యే. ఎవరూ పలకని పోర్టును చదివితే సున్నా రాదు. సాధారణంగా 255 వస్తుంది, లేదంటే ఆ క్షణాన యూఎల్‌ఏ తెర కోసం తీసుకుంటున్న బైటు వస్తుంది. ఇంటర్‌ఫేస్ ఉందో లేదో చూసుకోని ఆట అన్ని దిక్కులూ ఒక్కసారే నొక్కినట్టు భావించి బొమ్మను ఇష్టం వచ్చినట్టు పరిగెత్తిస్తుంది.

పోర్టుల సంగతి ఇలా ఉంటే రోమ్ సంగతి ఇంకా చిక్కు. స్పెక్ట్రమ్ అంచు మీద రోమ్‌సీఎస్ అనే లైను ఉంది. దాన్ని పైకి లాగితే లోపలి రోమ్ పక్కకు తప్పుకుంటుంది, ఆ చోట పరికరం తన రోమ్‌ను చూపించుకోవచ్చు. మరి ఎప్పుడు లాగాలి? ఇంటర్‌ఫేస్ 1 ఇక్కడ చక్కని ఉపాయం వేసింది. బేసిక్‌కు అర్థంకాని ఆదేశం ఎదురైనప్పుడు ప్రాసెసర్ 8వ చిరునామాకు వెళ్తుంది. సరిగ్గా ఆ క్షణంలో రోమ్ మార్చేస్తే, తెలియని ఆదేశం కాస్తా మైక్రోడ్రైవ్ అనే నిల్వ పరికరానికి ఆదేశంగా మారుతుంది. అసలు రోమ్‌లో ఒక్క బైటు ముట్టుకోకుండా భాషను పెంచిన ఆ తెలివిని మెచ్చుకోవాల్సిందే. చూసినవాళ్లంతా అదే బాట పట్టారు. రొమాంటిక్ రోబో సంస్థ మల్టీఫేస్ 102వ చిరునామా దగ్గర కాపు కాసింది. బీటా డిస్క్ ఇంటర్‌ఫేస్ 15616 నుంచి 256 బైట్ల మేర కాచుకుంది. ఇప్పుడు బాగా అమ్ముడవుతున్న, ఎస్‌డీ కార్డు నుంచి ఆటలు ఎక్కించే డివ్‌ఎంఎంసీ రకం ఇంటర్‌ఫేస్‌లు ఈ మూడు చోట్లా కాపు కాస్తాయి. పాత సాఫ్ట్‌వేర్ ఎటు నుంచి వచ్చినా పట్టుకోవాలి కదా. డివ్‌ఎంఎంసీ పోర్టుల్లో ఒకటైన 231, ఇంటర్‌ఫేస్ 1 మైక్రోడ్రైవ్ డేటాకు వాడుకున్నదే. అందుచేత అసలైన ఇంటర్‌ఫేస్ 1నూ డివ్‌ఎంఎంసీనీ ఒకే యంత్రం వెనక పెట్టడం ఒక ఒరలో రెండు కత్తులు దూర్చడమే. 1986లో సింక్లెయిర్ కంప్యూటర్ వ్యాపారాన్ని కొన్న ఆమ్‌స్ట్రాడ్ మరుసటి ఏడాది ప్లస్ 3 తెచ్చినప్పుడు రోమ్‌సీఎస్‌ను తీసేసి దాని బదులు వేరే రెండు లైన్లు పెట్టింది. డబ్బా మీద పేరు స్పెక్ట్రమే, వెనక అంచు కొలత కూడా అదే. అయినా ఇంటర్‌ఫేస్ 1 దానితో పనిచేయదు. మల్టీఫేస్‌కు దానికోసమే వేరే మోడల్ చేయాల్సివచ్చింది. ఇండియాలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ ఈ మార్పుకు ముందటి తరానిది.

అదే 1982లో వచ్చిన కమడోర్ 64 ఈ విషయంలో ఒక మెట్టు పైన ఉంది. దాని 44 పిన్నుల పోర్టు ప్రాసెసర్ లైన్లను పారేసి ఊరుకోదు. 56832 నుంచి ఒక 256 బైట్లు, 57088 నుంచి మరో 256 బైట్లు కార్ట్రిడ్జ్‌ల కోసమే కేటాయించి, వాటిని పిలిచినప్పుడు తెలియజేయడానికి రెండు ప్రత్యేక లైన్లు ఇచ్చింది. తన రోమ్ ఎక్కడ కనపడాలో కార్ట్రిడ్జ్ చెప్పడానికి గేమ్, ఎక్స్‌రోమ్ అని మరో రెండు లైన్లున్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి, ఎటొచ్చీ ఒకసారి ఒక్క కార్ట్రిడ్జే ఉంటుందన్న ఊహ మీద ఇదంతా నిలబడింది. కమడోర్ సొంత మెమరీ విస్తరణ రెండో 256 బైట్ల ముక్కలో కూర్చుంది. యాక్షన్ రీప్లే కార్ట్రిడ్జ్ తన మెమరీలో కొంత అదే ముక్కలో చూపిస్తుంది. రెండూ కావాలనుకున్నవాడు స్విచ్చుల బోర్డు కొనుక్కుని ఒకదాన్ని ఆపి ఒకదాన్ని నడుపుకోవాలి. సంగీత వాద్యాలను కంప్యూటర్‌తో కలిపే మిడి కార్ట్రిడ్జ్‌లది మరో తంతు. సీక్వెన్షియల్, పాస్‌పోర్ట్, డేటెల్ మూడు సంస్థలూ 6850 చిప్పునే వాడాయి గాని ఆ చిన్న ముక్కలో చిప్పు ఎక్కడుండాలన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు నిర్ణయించుకున్నారు. అందుకే సంగీతం సాఫ్ట్‌వేర్ ముందు మీ కార్ట్రిడ్జ్ ఎవరిదని అడుగుతుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఒక్క పేజీ కాగితం మీద కమడోర్ రాసి పంచితే తీరిపోయే పని.

ఆ కాగితం విలువేమిటో బీబీసీ మైక్రోను చూస్తే తెలుస్తుంది. 1981 డిసెంబరులో వచ్చిన ఈ యంత్రంలో ఏకార్న్ 1 మెగాహెర్ట్జ్ బస్ అని ఒకటి పెట్టి, 64512 నుంచి 256 బైట్లకు ఫ్రెడ్ అనీ, ఆ తర్వాతి 256కు జిమ్ అనీ పేర్లు పెట్టింది. ఫ్రెడ్‌లో ఏ ముక్క ఏ రకం పరికరానికో ముందే పంచింది. దాన్ని నేరుగా ముట్టుకోవద్దు, ఆపరేటింగ్ సిస్టమ్ కాల్స్ ద్వారానే వెళ్లండి అని చెప్పి అందుకు కారణం కూడా చూపింది. ట్యూబ్ అనే దారిలో రెండో ప్రాసెసర్ తగిలిస్తే ప్రోగ్రామ్ అసలు యంత్రం మెమరీలో ఉండదు, నేరుగా రాసిన విలువ బస్‌కు చేరదు. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలోని పాఠశాలలకు వచ్చింది ఈ యంత్రమే. బళ్లో తొలిసారి కంప్యూటర్ చూసిన ఆ తరంలో చాలామందికి దాని కీబోర్డు గుర్తుండొచ్చు గాని దాని అడుగున వరసగా ఉన్న కనెక్టర్లు గుర్తుండకపోవచ్చు. ఇక యాపిల్ టూ 1977లోనే ఇంకా ముందుకు వెళ్లింది. రెండు స్లాట్లు చాలన్న స్టీవ్ జాబ్స్‌తో స్టీవ్ వోజ్నియాక్ పట్టుబట్టి ఎనిమిది పెట్టించాడు. వాటి సంఖ్య కన్నా ముఖ్యమైనది వాటి ఏర్పాటు. ప్రతి స్లాట్‌కూ 16 బైట్ల సొంత ఇన్‌పుట్-అవుట్‌పుట్ చోటును యంత్రమే ముందుగా విడదీసి ఇస్తుంది. ఒకటి నుంచి ఏడు వరకు స్లాట్లకు 256 బైట్ల రోమ్ చోటు కూడా ఉంటుంది. కార్డు తన చిరునామాను వెతుక్కోనక్కర్లేదు, ఏ స్లాట్‌లో ఉంటే అదే చిరునామా. ఇంకా కావాలంటే 2 కిలోబైట్ల ఉమ్మడి చోటు ఉంది, ఒకరు వాడుకున్నాక ఖాళీ చేయాలన్నది నియమం. కార్డులన్నీ కలిపి 5 వోల్టుల లైను నుంచి 500 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదని మాన్యువల్‌లో రాశారు కూడా.

ఇక్కడ ఎవరికైనా తోచే అభ్యంతరం డబ్బు గురించి. యాపిల్ టూ 4 కిలోబైట్లతో 1298 డాలర్లు, బీబీసీ మైక్రో మోడల్ బీ 399 పౌండ్లు. స్పెక్ట్రమ్ వీటి ముందు పిల్లవాడి పుట్టినరోజుకు కొనగలిగే వస్తువు. చిరునామాలను విడదీసే చిప్పులు పెడితే ఆ ధర నిలవదు, ఆ ధర లేకపోతే అన్ని లక్షల మంది చేతికి కంప్యూటర్ వచ్చేది కాదు, కాబట్టి తర్వాతి కాలం సౌకర్యం చూసి అప్పటి ఇంజినీర్లను తప్పుపట్టడం అన్యాయం అంటారు. సగం ఒప్పుకోవాల్సిందే. యాపిల్ స్లాట్ల వెనక చిప్పుల ఖర్చు ఉంది. కానీ ఏకార్న్ పంచిన చిరునామాల జాబితాకు అయిన ఖర్చు కాగితం, సిరా. చవకతనం, క్రమశిక్షణ ఒకే డబ్బాలో ఇమడవన్న వాదనకు ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ 464 అడ్డువస్తుంది. 1984లో వచ్చిన ఆ యంత్రం కూడా చవకదే, దాని వెనకా బోర్డు అంచే బయటికి ఉంది. అయినా బయటి రోమ్‌లకు నంబర్లున్నాయి. యంత్రం ఆన్ అయినప్పుడు ఒకటి నుంచి ఏడు వరకూ వరసగా పలకరించి, ఎవరికి ఏ ఆదేశాలు తెలుసో పేర్లతో నమోదు చేసుకుంటుంది. 6128 మోడల్‌లో ఆ వరస 15 దాకా పెరిగింది. ఇద్దరు తయారీదారులు ఒకరినొకరు ఎరగకపోయినా వాళ్ల రోమ్‌లు పక్కపక్కన బతుకుతాయి. ఉచితంగా మాత్రం కాదు. ప్రతి రోమ్ కొంచెం ర్యామ్ తనకోసం అట్టేపెట్టుకుంటుంది కాబట్టి, డిస్క్ రోమ్ ఉన్న యంత్రంలో చోటు చాలక మొరాయించిన క్యాసెట్ ఆటలున్నాయి. నియమం తగాదాను పూర్తిగా తీసేయలేదు, ఊహించదగిన చోటికి మార్చింది. ఏ ఆట ఎందుకు ఆగిందో చెప్పగలగడం కూడా చిన్న లాభమేం కాదు.

రెండో అభ్యంతరానికి ఇంకా పదునుంది. నియమాలు రాసినంత మాత్రాన ఎవరు పాటించారని అడుగుతారు. ఎంఎస్‌ఎక్స్ సంగతి చూడండి. 1983లో జపాన్‌కు చెందిన ఆస్కీ సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించిన ఈ ప్రమాణం మీద సోనీ, తోషిబా, ఫిలిప్స్ వంటి సంస్థలు ఎన్నో యంత్రాలు చేశాయి. కార్ట్రిడ్జ్ పిన్నులు 50, ప్రధాన స్లాట్లు నాలుగు, ఒక్కోదాన్ని మళ్లీ నాలుగుగా విడగొట్టుకోవచ్చు. ఏ కంపెనీ కార్ట్రిడ్జ్ అయినా ఏ కంపెనీ యంత్రంలోనైనా నడవాలన్నది దాని ఊపిరి. వీడియో చిప్ పోర్టు నంబరు మారే అవకాశం ఉందని ముందే ఊహించి, ఆ నంబరును రోమ్‌లో 6, 7 చిరునామాల్లో రాసిపెట్టారు, అక్కడ చదువుకుని వాడమన్నారు. దుకాణాల్లో దొరికిన యంత్రాల్లో ఆ నంబరు 152గానే ఉండేసరికి చాలామంది ప్రోగ్రామర్లు నేరుగా 152 అని రాసేశారు. తర్వాత పాత యంత్రానికి కొత్త వీడియో చిప్‌ను కార్డుగా తగిలించాలని చూస్తే, ప్రమాణం ప్రకారం దాన్ని 136 దగ్గర పెడితే, ఆ ఆటల బొమ్మ కొత్త తెర మీదికి రాదు. నియమం పక్కాగా ఉంది, తప్పు దాన్ని మీరినవాళ్లది. కొన్నవాడికి ఆ తీర్పుతో ఒరిగేదేమీ లేదు. బీబీసీ మైక్రోలోనూ ఇదే జరిగింది. రెండో ప్రాసెసర్ ఉన్నవాళ్లే నేరుగా రాసే ప్రోగ్రాములతో ఇబ్బందిపడ్డారు, అది లేని ఇళ్లలో తేడా తెలియనే లేదు. నియమాలు వృథా అన్న అర్థం ఇందులోంచి తీయడం తొందరపాటు. మీరినవాడికి ఆ రోజే దెబ్బ తగిలే నియమం నిలిచింది, ఎన్నో ఏళ్లకు ఇంకెవరికో తగిలే నియమం కొట్టుకుపోయింది. యాపిల్ స్లాట్ల చిరునామాలు నిలవడానికి కారణం కార్డు తయారీదారుల సద్బుద్ధి అనుకోలేం. అక్కడ పక్క స్లాట్ పిలుపు మన కార్డు దాకా రానే రాదు.

వయసు వాదాన్ని కూడా దాటవేయకూడదు. కమడోర్ 64 పవర్ సప్లై దీనికి పేరుమోసింది. లోపలి రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టుల లైను మీద అంతకుమించి వచ్చి ర్యామ్ చిప్పుల్ని బలితీసుకుంటుంది. అలాంటి యంత్రానికి కొత్త కార్ట్రిడ్జ్ తగిలించిన రోజే అది పోతే తిట్లు కార్ట్రిడ్జ్‌కే. కానీ ఆ పవర్ సప్లైకి మిగులు శక్తి లేదన్న సంగతి కమడోర్‌కే అప్పట్లో తెలుసు. 256 కిలోబైట్ల 1764 మెమరీ విస్తరణను అమ్మినప్పుడు పెట్టెలో మరింత బలమైన పవర్ సప్లై కూడా పెట్టి ఇచ్చింది. అంటే వయసు పైబడక ముందే లెక్క సరిపోలేదు. సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ నడపడానికి కమడోర్ తెచ్చిన జెడ్80 కార్ట్రిడ్జ్ కథ కూడా ఇలాంటిదే. 64లో ప్రాసెసర్, వీడియో చిప్ ఒకే మెమరీని అరసైకిల్ చొప్పున పంచుకుంటాయి. ఆ సందులో రెండో ప్రాసెసర్‌ను దూర్చిన ఆ కార్ట్రిడ్జ్ కొన్ని బోర్డులతో నడిచింది, తర్వాతి విడతలతో నమ్మకంగా నడవలేదు. కమడోర్ 128లో జెడ్80ను ఏకంగా బోర్డు మీదికి తేవడానికి ఈ కార్ట్రిడ్జ్‌తో పడిన తిప్పలు ఒక కారణమని దాని హార్డ్‌వేర్ రూపకర్త బిల్ హెర్డ్ తర్వాత చెప్పాడు. తయారుచేసిన కంపెనీయే తన యంత్రంతో తన కార్ట్రిడ్జ్‌ను పొసగించలేకపోయింది.

వయసు కన్నా ఆలోచించాల్సినది మరమ్మతు. పాడైన చిప్‌కు బదులు దొరికింది పెట్టుకుంటూ వచ్చిన యంత్రం, మొదట తయారైన యంత్రం ఒకటే అనుకోలేం. ఇప్పటి మైక్రోకంట్రోలర్లు ఎక్కువగా 3.3 వోల్టులతో మాట్లాడతాయి. పాత ఎల్‌ఎస్ రకం చిప్ 2 వోల్టులు దాటితే ఒకటిగా తీసుకుంటుంది కాబట్టి మాట అందుతుంది. ఎప్పుడో ఎవరో దాని బదులు హెచ్‌సీ రకం చిప్ పెట్టి ఉంటే, అది 5 వోల్టుల మీద నడుస్తూ ఒకటి అనడానికి 3.5 వోల్టులు అడుగుతుంది. అప్పుడు అదే మోడల్, అదే బోర్డు, అదే కార్డు, ఒక యంత్రంలో నడిచి ఇంకోదానిలో ఉండుండి ఆగుతుంది. ప్రాసెసర్‌కూ ఇది తప్పదు. పాత ఎన్‌మాస్ జెడ్80కి, ఆ తర్వాతి సీమాస్ జెడ్80కి మధ్య మాన్యువల్‌లో లేని ఒక ఆదేశం దగ్గర తేడా ఉంది. మొదటిది పోర్టుకు సున్నా పంపితే రెండోది 255 పంపుతుంది. 2024లో జైలాగ్ జెడ్80 చిప్ తయారీకి స్వస్తి చెప్పాక, రిపేరు చేసేవాడికి ఏది దొరికితే అదే గతి.

ఇంతవరకూ బస్ గురించి చెప్పిందంతా, రివాజు ఎంత లోతుకు వెళ్తుందో చూస్తే, పైపై సంగతే. కమడోర్ 1541 డిస్క్ డ్రైవ్‌లో ఒక 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్, 16 కిలోబైట్ల రోమ్ ఉన్నాయి. అది దానంతట అదే ఒక కంప్యూటర్. యంత్రానికీ దానికీ మధ్య సీరియల్ తీగ మీద డేటా సెకనుకు దాదాపు 400 బైట్ల చొప్పున నత్తనడక నడుస్తుంది. విసిగిపోయిన ప్రోగ్రామర్లు డ్రైవ్ ర్యామ్‌లోకే తమ కోడ్ పంపి వేగం పెంచుకున్నారు. ఎన్నో ఆటలకు సొంత ఫాస్ట్‌లోడర్లు వచ్చాయి. ఇవాళ 1541 స్థానంలో పెట్టే ఎస్‌డీ2ఐఈసీ వంటి చవక పరికరం, కమడోర్ రాసిన సీరియల్ నియమాలన్నీ అక్షరాలా పాటిస్తుంది, కానీ దానిలో 6502 కోడ్ నడపగలిగే ప్రాసెసర్ లేదు. తెలిసిన కొన్ని ఫాస్ట్‌లోడర్లను గుర్తుపట్టి వాటిలా నటిస్తుంది, తెలియనిది వస్తే చేతులెత్తేస్తుంది. పై1541, 1541 అల్టిమేట్ వంటివి మాత్రం డ్రైవ్ లోపలి ప్రాసెసర్‌ను సైకిల్ సైకిల్‌కూ అనుకరిస్తాయి, అందుకే ఆటలు నడుస్తాయి. ప్రమాణాన్ని పాటించిన పరికరం ఓడి, పాత వస్తువును దాని లోపాలతో సహా అనుకరించినది గెలిచింది. పొసగడం అంటే దేనితో పొసగడం అన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

దీన్ని పట్టుకునే ఇంకొందరు అంటారు, అలాగైతే అన్నిటినీ ఒకే ఎఫ్‌పీజీఏ (కావాల్సిన సర్క్యూట్‌గా మలుచుకోగల చిప్) కార్ట్రిడ్జ్‌లో పోసేస్తే సరి, డ్రైవ్, మెమరీ, యాక్షన్ రీప్లే తరహా ఫ్రీజర్ అన్నీ లోపలే, గొడవ ఉండదని. నిజమే, వాడుకునేవాడికి సుఖం. ఆ సుఖం మూలం మాత్రం గమనించాలి. బస్ మీద ఇంకెవరూ లేకుండా చేసి సాధించిన శాంతి అది. లోపల ఉన్నవి ఒకరి పోర్టు ఒకరు తాకకుండా ఒకే రూపకర్త చూసుకున్నాడు, అంటే ఆనాటి కంపెనీలు రాయని కాగితాన్ని ఇతను తన కార్ట్రిడ్జ్ వరకు రాసుకున్నాడు. పక్కన అసలైన మిడి కార్ట్రిడ్జ్ ఒకటి పెట్టగానే పాత ప్రశ్నలన్నీ తిరిగొస్తాయి. చిరునామాలను ఎవరూ ముందే కేటాయించకుండా, ఆన్ అయినప్పుడు యంత్రమే పంచే అమీగా ఆటోకాన్ఫిగ్ పద్ధతి కూడా ఇలాంటి చోటే బోల్తాపడింది. అమీగా ఏ1200 మోడల్‌లో పీసీఎంసీఐఏ కార్డుకు ఆరో మెగాబైటు నుంచి పదో మెగాబైటు దాకా స్థిరమైన చోటిచ్చారు. అదే ప్రాంతంలోకి విస్తరించే 8 మెగాబైట్ల ర్యామ్ పెడితే రెంటికీ పడదు. పంచుకునే వ్యవస్థలో పంపకానికి రాని ఒక్క ముక్క ఉన్నా చాలు.

కాబట్టి సరిపోతుంది అన్న హామీని ఇప్పుడు అమ్మేవాళ్లు ఎలా రాయాలో చెప్పడం కష్టమేమీ కాదు. ఏ లైన్లను పూర్తిగా చూస్తుంది, ఏ పోర్టులకు పలుకుతుంది, రోమ్‌ను ఏ చిరునామాల దగ్గర మారుస్తుంది, ఎన్ని మిల్లీఆంపియర్లు తాగుతుంది, ఏ బోర్డుల మీద పరీక్షించారు. ఐదు వాక్యాల పని. పరికరం మీద ఒక్కో సదుపాయాన్ని ఆపుకునే జంపర్లు పెడితే ఇంకా మేలు. చిన్న వర్క్‌షాపులకు అన్ని బోర్డులూ కొని పరీక్షించే స్తోమత ఉండదన్న మాట నిజం, అయితే పరీక్షించనిదాన్ని పరీక్షించలేదని రాయడానికి స్తోమత అక్కర్లేదు. ఇందుకు మంచి నమూనా 2020లో కొనుగోలుదారుల చేతికి రావడం మొదలైన స్పెక్ట్రమ్ నెక్స్ట్. ఎఫ్‌పీజీఏతో చేసిన ఈ కొత్త యంత్రంలో జాయ్‌స్టిక్, మౌస్, డివ్‌ఎంఎంసీ అన్నీ లోపలే ఉన్నాయి. అయినా వెనక విస్తరణ పోర్టు ఉంచారు. ప్రాసెసర్ 28 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తగలిగినా బయటి బస్ వాడుతున్నప్పుడు 3.5 దగ్గరే ఆగుతుంది. లోపలి ఏ పరికరం ఏ పోర్టుకు పలకాలో ఆన్ ఆఫ్ చేసుకునే రిజిస్టర్లున్నాయి. బస్ వాడుతున్నప్పటి అమరిక కోసం వాటికి మరో జత కూడా ఉంది. వాటిలో 31వ పోర్టు జాయ్‌స్టిక్‌కు ఒక బిట్, మౌస్‌కు వేరే బిట్, డివ్‌ఎంఎంసీకి ఇంకోటి.